ఖరగ్‌పూర్ ఎర్రమట్టి కింద ఏముంది?

హౌరాలో రైలెక్కి మన వైపు వస్తున్నప్పుడు కిటికీ పక్కన చోటు దొరికితే ఒక చిన్న పరిశీలన చెయ్యండి. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది దాటాక చాలాసేపు వరిచేలు, చెరువులు, బూడిదరంగు ఒండ్రునేల కనిపిస్తాయి. పాంస్కుఢా, బాలిచక్ స్టేషన్లు వెనక్కి వెళ్ళాక నేల కొంచెం కొంచెంగా మెరక అవుతుంది. దాని రంగు మారుతుంది. ఖరగ్‌పూర్ చేరేసరికి మట్టి ఎర్రగా, మన మొరం నేలలాగా కనిపిస్తుంది. దీన్నే శాస్త్రజ్ఞులు లాటరైట్ అంటారు.

రైలు ఆగగానే ప్లాట్‌ఫామ్ మీద తెలుగు వినిపిస్తుంది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద కర్మాగారం పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. ఈ స్టేషన్ ప్లాట్‌ఫామ్ పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్ళపాటు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫామ్ ఇదే. తరువాత గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి దీన్ని దాటిపోయాయి. అయినా ఈ ఒక కిలోమీటరు పొడవును గుర్తుంచుకోండి. ఈ వ్యాసంలో అదే మన కొలబద్ద.

ప్లాట్‌ఫామ్ ఈ చివరి నుంచి ఆ చివరికి మనం పావుగంటలో నడిచి వెళ్ళగలం. అదే దూరం కిందికి వెళ్ళాలంటే? కోలార్ బంగారు గనుల్లో మనిషి మూడు కిలోమీటర్లకు పైగా దిగాడు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. అంటే ఐదువందల వంతుల్లో ఒక వంతు లోతుకు కూడా మనం తవ్వలేకపోయాం. కాని భూమి లోపల ఎక్కడ ఏ పొర ఉందో పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు గీసి మరీ చదువుతున్నాం. చూడనిదాన్ని ఎలా గీశారు? ఆ సమాధానంలో కొంత భాగం ఈ ఎర్రమట్టి ఊరి చుట్టూనే దొరుకుతుంది.

లాగాల్సినంత లాగని కొండలు

ఈ కథ చమురు కోసమో, బంగారం కోసమో మొదలు కాలేదు. ఒక లెక్క తప్పడంతో మొదలైంది.

19వ శతాబ్దంలో మన దేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచిన మహా సర్వే గురించి మీరు వినే ఉంటారు. ఆ సర్వేలో కలియానా, కలియాన్‌పూర్ అనే రెండు కేంద్రాలున్నాయి. మొదటిది హిమాలయాలకు దగ్గరగా ఉత్తరాన, రెండవది సుమారు 600 కిలోమీటర్ల దక్షిణాన. ఈ రెంటి మధ్య ఉన్న కోణదూరాన్ని రెండు పద్ధతుల్లో కనుక్కున్నారు. నేల మీద గొలుసులతో, త్రిభుజాలతో కొలవడం ఒకటి. నక్షత్రాల ఎత్తును బట్టి అక్షాంశం కట్టడం రెండవది. రెండు జవాబులూ కలవలేదు. తేడా సుమారు 5.2 సెకండ్లు. సెకండు అంటే ఇక్కడ కాలం కాదు, ఒక డిగ్రీలో 3,600వ వంతు.

తప్పెక్కడ? నక్షత్రం ఎత్తు కొలవాలంటే నిట్టనిలువు దిశ ఏదో తెలియాలి. తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు వేలాడదీసే తూకపు గుండే ఆ దిశను చెబుతుంది. పక్కన హిమాలయాలంత రాశి ఉంటే అది గుండును తనవైపు కొద్దిగా లాగుతుంది. కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్ మంచి గణితవేత్త కూడా. ఆయన హిమాలయాల రాశిని అంచనా వేసి, ఆ లాగుడు వల్ల రావలసిన తేడా ఎంతో లెక్కకట్టాడు. జవాబు సుమారు 15.9 సెకండ్లు వచ్చింది. అసలు కనిపించిన తేడా అందులో మూడోవంతే!

కొండలు కళ్ళెదుట ఉన్నాయి. కాని అవి లాగాల్సినంత లాగడం లేదు. 1855లో జార్జ్ ఎయిరీ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. గోదావరిలో తేలివచ్చే దుంగల్ని చూడండి. నీటిపైన ఎక్కువ ఎత్తున కనిపించే దుంగ నీటిలోపల కూడా ఎక్కువ లోతుకు మునిగి ఉంటుంది. అలాగే పర్వతాల కింద తేలికైన శిలలు వేళ్ళలాగా లోతుకు దిగి ఉంటాయనీ, అక్కడ ఉండవలసిన బరువైన పదార్థం లేకపోవడంవల్లే లాగుడు తగ్గిందనీ ఆయన అన్నాడు. పర్వతాల కింది పదార్థం సాంద్రతే తక్కువని ప్రాట్ వాదించాడు. ఇద్దరిలో ఎవరు ఎంతవరకు సరైనవారన్న చర్చ చాలాకాలం నడిచింది. అయితే ఒక సంగతి తేలిపోయింది. నేల మీద చేసే సున్నితమైన కొలత నేల కింద ఉన్నదాన్ని పట్టివ్వగలదు.

ఈనాటి గురుత్వ సర్వేకు ఇదే ఆధారం. ఒక లెక్క చేద్దాం. ఒకచోట కింద గట్టి శిలకు బదులు, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామంత మందాన, అంటే ఒక కిలోమీటరు మేర, ఘనసెంటీమీటరుకు 0.3 గ్రాములు తక్కువ సాంద్రత ఉన్న అవక్షేపాలు విశాలంగా పరుచుకుని ఉన్నాయనుకోండి. అక్కడ గురుత్వ త్వరణం సుమారు 12.5 మిల్లీగాల్‌లు తగ్గుతుంది. మొత్తం గురుత్వంలో ఇది దాదాపు 78,000వ వంతు. యాభై కిలోల మనిషి బరువులో అరగ్రాముకు కాస్త పైన! గ్రావిమీటరు అనే పరికరంలోని స్ప్రింగు ఇంతకన్నా ఎంతో చిన్న తేడాలను కూడా గుర్తుపడుతుంది.

చుట్టుదారిలో వచ్చినవాడే ముందు చేరతాడు

రెండవ సాధనం భూకంపం ఇచ్చింది. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిలో వచ్చిన మహాభూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్. డి. ఓల్డ్‌హామ్ పరిశీలించాడు. దూరదేశాల్లో నమోదైన రేఖల్ని చూసి, భూకంప తరంగాలు ఒకే రకం కాదనీ, వేరువేరు వేగాలతో వేరువేరుగా చేరతాయనీ గుర్తించాడు. 1906లో ఆ తరంగాల ప్రయాణకాలాల ఆధారంగానే భూమికి ఒక కేంద్రమండలం ఉందని చూపించాడు. మరో మూడేళ్ళకు, 1909లో, క్రొయేషియాకు చెందిన మొహొరొవిచిచ్ భూపటలం ఎక్కడ ముగిసి ప్రావారం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాడు. ఆ సరిహద్దును ఈనాటికీ ఆయన పేరుతో 'మొహో' అంటున్నాం.

మొహొరొవిచిచ్ గమనించినదేమిటో రైల్వే ఊరి భాషలో చెప్పుకుందాం. మీరు పక్క ఊరికి వెళ్ళాలి. నేరుగా నడిచిపోవచ్చు. లేదా స్టేషన్‌దాకా వెళ్ళి, రైలెక్కి, దిగి మళ్ళీ నడవొచ్చు. ఊరు దగ్గరైతే నేరుగా నడిచినవాడే ముందు చేరతాడు. దూరమైతే చుట్టుదారైనా సరే, రైలెక్కినవాడిదే గెలుపు. భూమిలోనూ అంతే. పైపొరలో తరంగం నెమ్మదిగా పోతుంది. కింది గట్టి శిలలో వేగంగా పోతుంది. పైపొరలో వేగం సెకండుకు 2 కిలోమీటర్లు, కింది శిలలో 6 కిలోమీటర్లు, ఆ శిల లోతు ఒక కిలోమీటరు అనుకోండి. లెక్కకడితే, పేలుడు జరిగిన చోటుకు 2.8 కిలోమీటర్ల దాకా పైపొర తరంగం ముందు చేరుతుంది. అది దాటితే కిందికి దిగి శిలవెంట పరుగెత్తి పైకొచ్చిన తరంగం ముందు చేరుతుంది. ఏ దూరం దగ్గర ఈ తారుమారు జరిగిందో కనిపెడితే చాలు, శిల లోతు తెలిసిపోతుంది. ఇదే వక్రీభవన పద్ధతి.

మీరే చిన్న ప్రయోగం చెయ్యొచ్చు. స్కూలు ఆవరణలో తెగకుండా సాగిన పొడవైన ఇనప రెయిలింగు ఉంటే ఒక చివర చెవి ఆనించి, వంద మీటర్ల దూరంలో స్నేహితుణ్ణి రాయితో ఒక్కసారి కొట్టమనండి. దెబ్బ ఒకటే అయినా మీకు రెండుసార్లు వినిపిస్తుంది. మొదటిది ఇనుములోంచి, రెండవది సుమారు 0.3 సెకండ్ల తరువాత గాలిలోంచి. భూభౌతిక శాస్త్రవేత్త భూమికి చెవి ఆనించి చేసే పని ఇంచుమించు ఇలాంటిదే.

ఇక పరావర్తన పద్ధతి అంటే ప్రతిధ్వని వినడమే. పొర అంచుకు తగిలి తిరిగి రావడానికి తరంగానికి రెండు సెకండ్లు పట్టిందనుకోండి. సగటు వేగం సెకండుకు 2.5 కిలోమీటర్లు. వెళ్ళడానికి ఒక సెకండు, రావడానికి ఒకటి. కాబట్టి పొర లోతు 2.5 కిలోమీటర్లు. 1921లో అమెరికాలోని ఓక్లహామాలో ఈ పద్ధతిని తొలిసారి పరీక్షించారు. తరువాత చమురు అన్వేషణకు ఇదే ముఖ్య సాధనమైంది.

హిజ్లీలో కొత్త చదువు

ఖరగ్‌పూర్ శివార్లలో హిజ్లీ అనే చోట ఆంగ్లేయుల కాలంలో నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. స్వతంత్రం వచ్చాక ఆ భవనంలోనే దేశంలోని మొదటి ఐ.ఐ.టి. వెలిసింది. 1951 ఆగస్టు 18న లాంఛనంగా ప్రారంభమైన ఆ సంస్థలో భూవిజ్ఞానాన్నీ, భూభౌతిక శాస్త్రాన్నీ ఒకే విభాగంలో కలిపి బోధిస్తున్నారు.

ఆ చదువుకు ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. ఖరగ్‌పూర్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్లు వెళితే సింగ్‌భూమ్ కొండలు, ముసాబని రాగి, 1951లోనే యురేనియం బయటపడిన జాదూగూడ వస్తాయి. అవి అతి పురాతన కఠిన శిలలు. తూర్పుగా అంతే దూరం వెళితే గంగ, దాని ఉపనదులు కోట్ల ఏళ్ళుగా తెచ్చిపోసిన మెత్తని అవక్షేపాలు. అంటే ఈ ఊరు ఒక గిన్నె అంచు మీద కూర్చుంది. మీరు రైలు కిటికీలోంచి చూసిన రంగు మార్పు ఆ అంచుకు గుర్తే.

పది బావులు

ఆ గిన్నెలో చమురు ఉందా? అస్సాంలో నహర్‌కటియా దగ్గర ఒండ్రు కింద దాగిన చమురు 1953లో బయటపడింది. అక్కడ నేల మీద ఏ ఆనవాలూ లేదు. దారి చూపింది భూభౌతిక సర్వేలే. అదే సంవత్సరం భారత ప్రభుత్వం, స్టాండర్డ్ వాక్యూమ్ ఆయిల్ కంపెనీ కలిసి బెంగాల్‌లో అన్వేషణకు ఒప్పందం చేసుకున్నాయి. ఇండో-స్టాన్వాక్ పథకం అని దానికి పేరు. గురుత్వం, భూకంప తరంగాలు, అన్ని సాధనాలూ వాడారు. 1960 నాటికి పది బావులు తవ్వారు. పదింటిలో ఒక్కదానిలోనూ వాణిజ్యానికి పనికొచ్చే చమురు పడలేదు. పథకాన్ని ఎత్తేశారు.

డబ్బు మట్టిపాలయిందని అప్పుడు అనుకుని ఉండొచ్చు. కాని ఆ సర్వేలు ఊరికే పోలేదు. గిన్నె ఆకారం మొదటిసారి తెలిసింది వాటివల్లే. పడమటి అంచు నుంచి తూర్పుకు పొరలు మెల్లగా వాలుతూ పోతాయి. ఈయోసీన్ యుగంనాటి గట్టి సున్నపురాయి పొర ఒకటి తరంగాల్ని బాగా పరావర్తనం చెందిస్తూ ఆ వాలును స్పష్టంగా చూపించింది. కోల్‌కతా ప్రాంతంలో ఒక గీత దగ్గర ఆ పొర ఒక్కసారిగా లోతుకు ఒంగిపోతుంది. తలుపు బందు దగ్గర మడిచినట్టుండే ఆ ప్రాంతాన్ని 'హింజ్ జోన్' అంటారు. బావుల్లో అవక్షేపాల కింద రాజ్‌మహల్ కొండల్లో కనిపించే లావా శిలలే తగిలాయి. 1966లో సుప్రియ సేన్‌గుప్తా అమెరికన్ పెట్రోలియం జియాలజిస్టుల సంఘం బులెటిన్‌లో ఈ సంగతులన్నీ ఒకచోట చేర్చి ప్రచురించారు. బెంగాల్ బేసిన్‌ను చదివేవారు ఈనాటికీ ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తారు.

మరి బావులు ఎందుకు ఎండిపోయాయి? తరంగాలు పొరల ఆకారాన్ని చెబుతాయి. అది చమురు నిలవదగిన ఆకారమా కాదా అన్నంతవరకే. చమురు పుట్టడానికి సేంద్రియ పదార్థం నిండిన శిల ఉండాలి. అది తగినంత ఉడకాలి. నిలవడానికి గుల్ల రాయి, పైకి పోకుండా మూయడానికి బిగువైన పొర కావాలి. ఇవన్నీ సరైన వరసలో జరగాలి. పళ్ళెం ఆకారం తెలిసినంత మాత్రాన అందులో అన్నం ఉందని చెప్పలేం కదా!

కావలి నుంచి గోపాలి దాకా

ఇక్కడ మన హైదరాబాదు కథలోకి వస్తుంది. 1961లో అక్కడ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్.జి.ఆర్.ఐ., ఏర్పడింది. చమురు అన్వేషకులకు పైనున్న నాలుగైదు కిలోమీటర్లు చాలు. మొత్తం భూపటలాన్ని, మొహోదాకా చూడాలంటే? అందుకు పేలుళ్ళ శక్తి పెంచాలి, గ్రాహకాల్ని వందల కిలోమీటర్ల పొడవునా పరచాలి. దీన్ని 'డీప్ సైస్మిక్ సౌండింగ్' అంటారు. మన దేశంలో ఈ పని సోవియట్ సహకారంతో 1972లో మొదలైంది. మొదటి గీత ఎక్కడ గీశారో తెలుసా? నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరంలోని ఉడిపి దాకా. కడప బేసిన్ మీదుగా ద్వీపకల్పాన్ని అడ్డంగా కోసినట్టు సాగిన సుమారు 600 కిలోమీటర్ల గీత అది.

ఆ గీత వెంట మొహో సుమారు 35–40 కిలోమీటర్ల లోతులో ఉందని తేలింది. మన కొలబద్దతో చెప్పాలంటే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్‌లు ముప్పై అయిదో, నలభయ్యో ఒకదాని కింద ఒకటి నిలబెట్టినంత. ఎయిరీ 1855లో కాగితం మీద ఊహించిన తేలే పటలం మందాన్ని, మన నేల మీద మనవాళ్ళు నేరుగా కొలిచారన్నమాట.

తరువాత అదే బృందం బెంగాల్ చేరింది. కె. ఎల్. కైలా, పి. ఆర్. రెడ్డి, డి. ఎం. మాల్, ఎన్. వెంకటేశ్వర్లు, వి. జి. కృష్ణ, ఎ. ఎస్. ఎస్. ఎస్. ఆర్. ఎస్. ప్రసాద్‌ల పేర్లతో పశ్చిమ బెంగాల్ బేసిన్ పటలంపై పరిశోధన పత్రం 1992లో జియోఫిజికల్ జర్నల్ ఇంటర్నేషనల్‌లో వచ్చింది. పేర్లు చూడండి, వీటిలో మన ఇళ్ళలో వినిపించేవే ఎక్కువ. వాళ్ళు పరిశీలించిన గీతల్లో ఒకటి గోపాలి నుంచి పోర్ట్ కానింగ్ దాకా సాగింది. గోపాలి అంటే ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న పల్లె. ఎర్రమట్టి అంచున మొదలై సుందరవనాల ముంగిట ముగిసే గీత అది. రైలు కిటికీలోంచి మీరు పైన చూసిన మార్పునే వాళ్ళు పటలం లోతుల్లో చూశారు. ఆధార శిల తూర్పుకు మెల్లగా వాలుతూ వెళ్ళి, హింజ్ జోన్ దగ్గర నిటారుగా కిందికి జారిపోవడం ఆ పరిశీలనలో కూడా స్పష్టమైంది.

1956లో ఏర్పడిన ఓ.ఎన్.జి.సి. కూడా ఈ బేసిన్‌ను విడిచిపెట్టలేదు. దశాబ్దాలపాటు సర్వేలు చేసింది, బావులు తవ్వింది, మళ్ళీ సర్వేలు చేసింది. చివరికి 2018లో కోల్‌కతాకు ఈశాన్యాన అశోక్‌నగర్ దగ్గర చమురు, వాయువు దొరికాయి. 2020 డిసెంబరు 20న ఉత్పత్తి మొదలై, దేశంలో చమురునిచ్చే ఎనిమిదవ బేసిన్‌గా బెంగాల్ నమోదయింది. ఇండో-స్టాన్వాక్ చేతులెత్తేసిన అరవై ఏళ్ళకు!

యంత్రం చెప్పేది, చెప్పనిది

ఇదంతా పెద్ద సంస్థల వ్యవహారమని అనుకోకండి. మీ ఊళ్ళో బోరు వేయించే ముందు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఖరగ్‌పూర్ లాటరైట్ నేలైనా, అనంతపురం, నల్లగొండ గ్రానైటు నేలైనా కింద నీరుందా లేదా అన్నది రైతుకు జీవన్మరణ సమస్య. ఎండిపోయిన బోరు ఒక్కొక్కటీ ఒక్కొక్క అప్పు.

ఇక్కడ ఎక్కువగా వాడేది విద్యుత్ పద్ధతి. 1912 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లుంబర్జర్, కొద్ది సంవత్సరాల తరువాత అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ దీన్ని రూపొందించారు. నాలుగు ఇనప మేకుల్ని సమాన దూరాల్లో ఒకే వరసలో భూమిలో దిగ్గొడతారు. చివరి రెంటి గుండా విద్యుత్తు పంపి, మధ్య రెంటి మధ్య పొటెన్షియల్ కొలుస్తారు. మేకుల మధ్య 10 మీటర్లు, పంపిన విద్యుత్తు 0.1 ఆంపియరు, వచ్చిన పొటెన్షియల్ 0.16 వోల్టులు అనుకోండి. 0.16ని 0.1తో భాగించి, 2π తోనూ 10 తోనూ హెచ్చవేస్తే విశిష్ట నిరోధం సుమారు 100 ఓమ్-మీటర్లు వస్తుంది. మేకుల దూరం పెంచేకొద్దీ విద్యుత్తు మరింత లోతుకు దిగుతుంది. పగుళ్ళు లేని గ్రానైటులో ఈ విలువ వేలల్లో ఉంటుంది. నీరు పట్టిన శిథిల శిలలో పదుల నుంచి వందల్లోకి దిగుతుంది.

అయితే జాగ్రత్త. ఉప్పునీటి ఇసుకలోనూ, బంకమట్టిలోనూ కూడా విలువ బాగా తక్కువే. బంకమట్టిలో నీరుంటుంది గాని బోరులోకి రాదు. యంత్రం కొలిచేది నిరోధాన్ని, నీటిని కాదు. గ్రావిమీటరు కొలిచేది గురుత్వాన్ని, శిలను కాదు. లోతున ఉన్న పెద్ద బరువు, పైన ఉన్న చిన్న బరువు నేల మీద ఒకేలాంటి తేడాను చూపగలవు. అందుకే ఒక్క కొలతను పట్టుకుని ఎవరూ తీర్పు చెప్పకూడదు. రెండు మూడు పద్ధతులు కలిపి, దగ్గర్లోని బావుల సమాచారంతో పోల్చి, నేల మీది రాళ్ళను కళ్ళతో చూసి అప్పుడు చెప్పాలి. అలా చెప్పినా అది అంచనాయే. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి నీళ్ళు చూసేవారికీ, శాస్త్రజ్ఞుడికీ తేడా ఇక్కడే ఉంది. తన అంచనా ఎక్కడ తప్పగలదో శాస్త్రజ్ఞుడికి ముందే తెలుసు. తప్పినప్పుడు ఎందుకు తప్పిందో వెతుకుతాడు, రాసి పెడతాడు. తరువాతివాడు అక్కణ్ణించి మొదలుపెడతాడు.

ప్రాట్ లెక్క కలవలేదు, దానివల్ల పర్వతాలకు వేళ్ళున్నాయని తెలిసింది. పది బావులు ఎండిపోయాయి, దానివల్ల గిన్నె ఆకారం తెలిసింది. ఈసారి ఖరగ్‌పూర్ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు టీ తాగుతూ ఒక్కసారి కాళ్ళకింద ఉన్న ఎర్రమట్టిని చూడండి. దాని కింద ఏముందో చాలావరకు తెలుసు. ఇంకా తెలియనిదీ చాలా ఉంది. దాన్ని వినడానికి చెవి ఆనించేవారు మీలోంచి రావాలి.